మందుకు లొంగని టీబీ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బందరులోగాని, గుడివాడలోగాని, దివిసీమ పల్లెల్లోగాని టీబీ పేరు వినని వారుండరు. మందు దొరికి 70 ఏళ్లు దాటినా ఈ జబ్బు ఎందుకు పోలేదు? అందుకున్న కారణాల్లో ఒకటి ఈ పూట చెప్పుకుందాం.

మందు పనిచేయకపోతే "ఒంటికి అలవాటైపోయింది" అంటాం. నిజానికి మారేది మన ఒళ్ళు కాదు, క్రిమి. పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. చెక్క అచ్చులో ఒక రేకు విరిగితే, ఆ తర్వాత అద్దిన ప్రతి గుడ్డమీదా ఆ రేకు లేని పువ్వే పడుతుంది. టీబీ క్రిమి ఒకటి రెండయ్యేటప్పుడు తన జన్యువులకు నకలు తీసుకుంటుంది. ఎప్పుడో ఒక అక్షరం తప్పుపడుతుంది. ఇక దాని సంతానమంతా ఆ తప్పుతోనే పుడుతుంది. దీన్నే ఉత్పరివర్తనం అంటారు.

ఐసోనియజిడ్ మాత్ర 1952లో వాడకంలోకి వచ్చింది. మన కడుపులో పడ్డ ఆ మాత్రను తనకే విషంగా మార్చుకునేది క్రిమిలోని ఒక ఎంజైము. దాన్ని తయారుచేసే కాట్-జి జన్యువులో మార్పు వస్తే మందు విషం కాదు, క్రిమి బతికిపోతుంది. రిఫాంపిసిన్ అయితే క్రిమి లోపలి యంత్రమొకదాన్ని పట్టి ఆపుతుంది. ఆర్‌పీఓ-బీ జన్యువు మారితే ఆ పట్టు జారిపోతుంది. ఈ రెండింటికీ లొంగనిదే ఎండీఆర్ టీబీ.

ఐసోనియజిడ్‌కు లొంగని క్రిమి సుమారు 10 లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది 10 కోట్లలో ఒకటి పుడుతుందని లెక్క. ఊపిరితిత్తిలో పుండుపడ్డచోట 10 కోట్ల క్రిములుండవచ్చు. అంటే ఒక్క మందుకు లొంగనివి, మనం మందు వేయకముందే అక్కడ కాచుకుని ఉన్నాయన్నమాట. రెండింటికీ ఒకేసారి లొంగనిది కోటి కోట్లలో ఒకటి. అందుకే మొదటి 2 నెలలు 4 మందులు, తర్వాత 4 నెలలు 3 మందులు.

నెల రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. ఆ ఆరోగ్యం మన చిలకలపూడి బంగారం వంటిది, మెరుపంతా పైపైనే. అప్పుడు మాత్రలు మానడం, మళ్ళీ మొదలుపెట్టడం, మళ్ళీ మానడం చేస్తే లొంగేవి చచ్చి లొంగనివి పెరుగుతాయి. అవే దగ్గుతో ఇంట్లో పిల్లలకు అంటుకుంటాయి. ఏ తప్పూ చేయని బిడ్డకు మొదటిరోజునుంచే మందు పనిచేయని జబ్బు వస్తుంది.

దీన్ని దాచవలసిన పనీ లేదు. ఇంట్లో ఉండి మందు వాడినా శానిటోరియంలో ఉన్నంతగా నయమవుతుందని 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన చూపింది. రెండు వారాలు దగ్గు తగ్గకపోతే సర్కారు ఆసుపత్రిలో కఫం ఇవ్వండి. సీబీనాట్ యంత్రం ఆర్‌పీఓ-బీ మార్పును సుమారు 2 గంటల్లో పట్టిస్తుంది. పరీక్షా, మందులూ ఉచితం. 2024 నవంబరునుంచి పోషణకు నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు.

మా మనవి మూడే మాటలు. సంబంధాలు చెడతాయని ఆడపిల్ల జబ్బు దాచకండి. పనికోసం ఊరు మారేవారు ఆసుపత్రిలో చెప్పి వెళ్ళండి, మందు అక్కడా అందుతుంది. రంజాను నెలలో డాక్టరునడగకుండా మాత్ర మానకండి. జబ్బుపడినవారికి రోజా విషయంలో మినహాయింపు ఉన్నదని పెద్దలందరికీ తెలిసిందే.

ఇంట్లో ఒకరు మాత్ర మింగుతుంటే మిగతావారు ఆఖరి రోజుదాకా లెక్కపెట్టండి. ఆ లెక్కే మన పిల్లలకు రక్ష. సెలవు.