దూరపు గురికి తగిన తూటా

డోను సమీపమునందలి ఒక గ్రామమునుండి శ్రోత యొకరు ఇటీవల మాకొక ఉత్తరము వ్రాసిరి. వారిది వేరుసెనగ పండించు కుటుంబము. తండ్రిగారి నాటి .315 రైఫిలు ఇంటనున్నది. లైసెన్సు వారి పేరనే యున్నది. అడవిపందులు రాత్రికి రాత్రి చేను దున్నినట్లు త్రవ్విపోవుచున్నవట. “మంచె మీదనుండి మూడువందల మీటర్ల దూరమునకు కొట్టగల మధ్యతరహా రైఫిలు కొనవలెనని యున్నది. ఏ తూటా మేలు? అందులో ఏ గుండు మేలు?” అని వారి ప్రశ్న.

తుపాకి లేని ఇంటివారికి ఈ చర్చ ఏల యని కొందరు శ్రోతలు అనుకొనవచ్చును. తుపాకి ఒకరి చేతిదే కాని, గుండు పోవు దారి పదిమందిది. ఆ దారిలో గొఱ్ఱెల కాపరి యుండవచ్చును, నీరు కట్టబోవు కూలీ యుండవచ్చును. కావున ఈ ప్రశ్నను అందరి యెదుటను విచారించుటయే మంచిదని తలచితిమి.

మొదట రెండు మాటలకు భేదము తెలిసికొనవలెను. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించు కేపు, లోపలి మందు, మూతివద్ద బిగించిన గుండు — ఈ నాలుగును కలిసినది తూటా. వీనిలో గొట్టము దాటి వెలుపలికి పోవునది గుండు మాత్రమే. కొనువారు సాధారణముగా తూటా పేరు చూచి కొందురు. పని చేయునది మాత్రము గుండు. ఈ సంగతి మరచుటవలననే ఎంపికలో పొరపాట్లు కలుగుచున్నవి.

మన దేశమున .315 రైఫిలు ఇంత వ్యాప్తిలోనికి వచ్చుటకు కారణము గుండు గుణము కాదు, రాజ్యనీతి. సైన్యము వాడు .303 తూటా ప్రజల చేతికి చిక్కరాదని ఆంగ్ల ప్రభుత్వము నిర్బంధించినది. అందుచే ఆస్ట్రియా దేశపు మాన్లిఖర్ సైనిక తూటాను అనుసరించిన 8 మిల్లీమీటర్ల తూటా పౌరుల రైఫిలునకు తగినదిగా ఎన్నబడినది. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారము ఆ తూటాకు సరిపడు రైఫిలును చేసినది. దాని గుండు 244 గ్రెయినులు, అనగా సుమారు పదునాఱు గ్రాములు, మొద్దు ముక్కుది. గొట్టము వీడునప్పటి వేగము సెకనునకు సుమారు 620 మీటర్లు. దగ్గర దూరమున నమ్మదగిన తూటాయే. దూరమునకు పుట్టినది కాదు.

దూరమునకు పుట్టిన తూటాలు వేఱుగ నున్నవి. 1906వ సంవత్సరము తన పేరులోనే గల అమెరికా తూటా .30-06 వానిలో ప్రసిద్ధమైనది. అందలి 180 గ్రెయినుల సూదిముక్కు గుండు సెకనునకు సుమారు 820 మీటర్ల వేగముతో బయలుదేరును. జర్మనీ దేశపు 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాను లండనులోని రిగ్బీవారు .275 అను పేర తేలిక గుండుతో అమ్మిరి. చంపావత్ నరభక్షక వ్యాఘ్రమును 1907 లో కూల్చిన జిమ్ కార్బెట్‌కు బహుమానముగా లభించిన రైఫిలు ఈ .275 దే. ఇక వేటగాండ్ర వాడుకలో నిజముగా మధ్యతరహా బోరు అనదగినది 1912 లో వెలువడిన .375. అది 300 గ్రెయినుల గుండును విసరగలదు. కాని విసరువాని భుజమునకును తగిన దెబ్బయే ఇచ్చును. దెబ్బకు జంకి ట్రిగ్గరు లాగునప్పుడు కన్ను మూయువానికి ఎంత గొప్ప తూటా యిచ్చినను వ్యర్థమే. తన భుజము ఓర్చుకొనగల తూటాయే తనకు తగిన తూటా. ఇది ఎంపికలో మొదటి సూత్రము.

రెండవ సూత్రము నేలను చూచి నిర్ణయింపవలసినది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే రెండు విధములైన నేలలున్నవి. తూర్పున నల్లమల. ఆళ్లగడ్డ దాటి అహోబిలము వైపు పోయినను, నంద్యాలనుండి రైలులో చెలమ, దిగువమెట్ట స్టేషనుల మీదుగ పోయినను, చూపు చెట్లలో చిక్కుకొనును. ఈ రైలుదారి అడవులను గూర్చి వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ హైదరాబాదు చెంతనున్న బొలారములో 1910 లో జన్మించినవాడు. ఆయన జీవితమంతయు నమ్మినది .405 వించెస్టర్ రైఫిలు. దాని గుండు బరువైనది, మొద్దుది, దూరమునకు చాలనిది. ఐనను అడవిలో ఆయనకు దానివలన లోపము కలుగలేదు. ఏలయన అచ్చట గురి దూరము కొలది గజములే. పడమట డోను వైపు వచ్చినచో ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు, తలయెత్తిన చెట్టు లేని మెట్టలు. ఇచ్చట చూపు కిలోమీటరు పోవును. చూపు పోయినంత దూరము గుండును పోవునని మనస్సు మోసపుచ్చును.

ఆ మోసమెట్టిదో లెక్క వేసి చూతము. గొట్టము వీడిన క్షణమునుండియే గుండు క్రిందికి పడుట ఆరంభించును. చేతినుండి జారిన రాయికిని దానికిని భూమి చూపు పక్షపాతము లేదు. మూడువందల మీటర్లు పోవుటకు .30-06 సూదిగుండునకు సెకనులో పదింట నాలుగు పాళ్లు పట్టును. అంతలో అది గొట్టపు సూటినుండి రెండు మూరలకు కొంచెము తక్కువగ దిగును. .315 మొద్దుగుండునకు పదింట ఆఱు పాళ్లు పట్టును. అది నిండు బారెడు దిగును. గాలి సంగతియు నిట్టిదే. గంటకు పదునెనిమిది కిలోమీటర్ల అడ్డగాలి అంత దూరమున మొదటిదానిని జానెడు త్రోయును. రెండవదానిని మూడు జానలకు కొంచెము తక్కువగ త్రోయును. వైశాఖమాసములో డోను మెట్టలపై తిరిగినవారికి అట్టి గాలి ఒక గాలిగనే తోచదు.

ఇవి కాగితపు లెక్కలు. మా యింట జరిగిన ఒక సంగతి వీనికి సాక్ష్యము. 1960 తరువాతి మాట. మా తాతగారు నాటి నిబంధనల ప్రకారము లైసెన్సు పొందినవారు. డోను, పత్తికొండల నడిమి మెట్టలో ఒక సాయంకాలము కృష్ణజింకల మంద కనబడినది. వారి చేతిలో .315 రైఫిలు. దూరము రెండువందల ఏబది గజములని కంటితో ఎంచి, గుండు దిగుటకు తగినట్లు వీపుపైకి మూరెడు ఎత్తుగ గురి పెట్టి కాల్చిరి. జింక పడలేదు, ముందు కాలు వ్రేలాడుచుండగా మూడు కాళ్లతో పరుగెత్తినది. గుట్టల దాక నెత్తుటి జాడ పట్టిపోయిరి. చీకటిలో రాళ్లపై జాడ తప్పినది. మఱునాడు తెల్లవారుజామున మరల పోయిరి, జింక దొరకలేదు. తిరిగి వచ్చునప్పుడు తాము కాల్చిన చోటునుండి మంద నిలిచిన చోటికి అడుగులతో కొలిచిరి. మూడువందల గజములైనది.

పొరపాటు ఏబది గజములే. కాని ఆ ఏబది గజములలో .315 గుండు ఇంకను ఒక మూరెడు దిగిపోవును. గుండె వద్ద తగులవలసినది కాలికి తగిలినది. తాతగారు ఆ రైఫిలును తుడిచి, నూనె పెట్టి, పెట్టెలో ఉంచిరి; మరల జంతువుపై ఎత్తలేదు. మా చిన్ననాట అడిగినప్పుడు, “గుండుది తప్పు లేదు నాయనా, నా ఆశదే తప్పు” అనెడివారు. అదే చోట .30-06 సూదిగుండు ఉన్నచో ఆ ఏబది గజముల పొరపాటునకు జానెడుకన్న తక్కువయే తేడా వచ్చియుండెడిది. దూరమునకు మంచి తూటా అనగా బలమైన తూటా యని కాదు. మానవుని పొరపాటును కొంతవఱకు క్షమించునది యని అర్థము. కొంతవఱకు మాత్రమే.

ఇక గుండు నిర్మాణమును గూర్చి. సీసమును రాగి తొడుగుతో పూర్తిగ కప్పిన గుండు శరీరమును సూదివలె దూసిపోవును. జంతువు పడక, ఎచ్చటనో పోయి రోజులకు చచ్చును. ముక్కు వద్ద సీసము బయటపడియున్న గుండు తగిలినంతనే పుట్టగొడుగువలె విచ్చి, శక్తినంతయు అచ్చటనే విడుచును. కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ ఆయుధశాలలో 19వ శతాబ్ది చివర ఇట్టి గుండ్లు సైన్యమునకై తయారైనవి. మనుష్యులపై వాడుటకు ఇవి మిక్కిలి క్రూరమని 1899 లో హేగు మహాసభ యుద్ధమున వీనిని నిషేధించినది. వేటలో మాత్రము ఇదే గుండు దయగలదిగ నెంచబడినది. ఏలయన అది వేదనను తగ్గించును. ఒకే వస్తువు ఒకచోట క్రౌర్యము, వేఱొకచోట కరుణ యగుట విచిత్రమే.

కాని విచ్చు గుండు విచ్చుటకు వేగము కావలెను. సామాన్యముగ సెకనునకు 550 మీటర్లకు తక్కువైనచో పాతకాలపు మెత్తముక్కు గుండ్లు విచ్చునని నమ్మరాదు. .30-06 గుండు మూడువందల మీటర్ల వద్దను ఇంచుమించు 650 మీటర్ల వేగముతో నుండును. .315 గుండు అచ్చటికి చేరుసరికి తన తొలి వేగములో మూడింట రెండు పాళ్లతో మిగులును. అనగా అది విచ్చునో విచ్చదో యన్న సందేహము. దీనికి ఎదురు ప్రమాదమును కలదు. వేగము హెచ్చుగ గల గుండు మరీ మెత్తనిదైనచో, దగ్గర గురిలో పైపైననే పగిలి పొడియై లోతునకు పోదు. ఈ రెండు చిక్కులను తీర్చుటకే 1948 ప్రాంతమున అమెరికాలో నోస్లర్ అను వేటగాడు నడుమ అడ్డుగోడ గల గుండును కల్పించెను; ముందు సగము విచ్చును, వెనుక సగము చెదరక లోతునకు పోవును. నేడు పూర్తిగ రాగితో చేసిన గుండ్లును వచ్చినవి. సీసపు తునకలు తిని రాబందులు చచ్చుచుండుటచే కాలిఫోర్నియా రాష్ట్రము 2019 నుండి వేటలో సీసపు గుండ్లను మానిపించినది.

ఇంత చెప్పిన పిదప శ్రోతగారి ప్రశ్నకు మా సమాధానము సూటిగ చెప్పవలసియున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991 లో సవరించినప్పటినుండి మన దేశమున వినోదపు వేట పూర్తిగ నిషిద్ధము. ఒకప్పుడు దూరపు గురికి మైదానములో లక్ష్యమైన కృష్ణజింక నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు. దానికి చట్టము ఈయదగిన గరిష్ఠ రక్షణ ఉన్నది. 1988 లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యమునందు దానిని కన్నులతోడనే వేటాడవలెను. పంటను పాడుచేయు పంది విషయమున చట్టపు 11వ విభాగము క్రింద అధికారి లిఖితపూర్వకముగ అనుమతి ఈయవచ్చును. ఆ కాగితము చేత లేనిదే రైఫిలు పెట్టె తెరువరాదు. లైసెన్సు అనుమతి కాదు.

అనుమతి దొరకినదనుకొందము. పంది వచ్చునది రాత్రి. పగటి వెలుతురులో, అనుభవశాలియైన మా తాతగారే ఏబది గజములు తప్పిరి. చీకటిలో మూడువందల మీటర్లను ఎవరు కొలువగలరు? ఆ దూరమున కదలునది పందియో, పందిని తరుమ వచ్చిన పొరుగు రైతో ఎవరు చెప్పగలరు? పైగా .30-06 సూదిగుండు తప్పిపోయినచో మూడు కిలోమీటర్లకు పైగ పోగలదు. ఆ మెట్టలలో దానిని ఆపు చెట్టైన లేదు. కావున క్రొత్త రైఫిలు కొనవలదు. తండ్రిగారి .315 కే మెత్తముక్కు గుండ్ల తూటాలు వాడుడు. మంచెను చేని గట్టునకు చేర్చి, కాల్పు క్రిందుచూపుగ, గుండు నేలలోనే దిగునట్లు అమర్చుకొనుడు. వంద మీటర్లలోపున, దీపపు వెలుతురులో పందిని పందిగ గుర్తించిన పిమ్మటనే కాల్చుడు. ఆ దూరమున ఆ పాత తూటా చాలియుండుటయే కాదు, మిక్కిలి సమర్థమైనది.

దూరపు గురిపై నిజముగ మక్కువ యున్నచో దానికి తగిన చోటు రైఫిల్ రేంజి. మన జాతీయ రైఫిల్ అసోసియేషన్ 1951 లోనే ఏర్పడినది; మూడువందల మీటర్ల పోటీలు ప్రపంచస్థాయిలో నేటికిని జరుగుచున్నవి. అచ్చట వెనుక మట్టికట్ట యుండును, దూరము కొలిచి యుండును, గాలిని తెలుపు జెండాలుండును. అచ్చట తోక సన్నగించిన సూదిగుండును ఎంచుకొని, గాలిని, దూరమును, తన శ్వాసను చదువుట గొప్ప విద్య. ఆ గుండు తప్పినచో చిరుగునది కాగితము.

తూటాలు అమ్మువారి పట్టికలలో గుండు ఎంత దూరము పోవునో వ్రాసియుందురు. ఎంత దూరమున తాను నిలువవలెనో మాత్రము కాల్చువాడే నిర్ణయించుకొనవలెను. మా తాతగారి రైఫిలు పిదప చట్టప్రకారము ప్రభుత్వమునకు అప్పగింపబడినది. వారు అడుగులతో కొలిచిన ఆ మూడువందల గజములు మాత్రము మా యింట ఇంకను లెక్కలోనే యున్నవి.