గొంతు కలిస్తే సరిపోతుందా?

(అడ్డతీగలలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పిలిచినవాళ్లు ఒక ప్రశ్న చేతికిచ్చి మరీ పిలిచారు. గతించిన గాయకుల పాటలు పాడుకుంటూ ఊరూరా తిరిగే బృందాలు ఉన్నాయి కదా, జాతరకు, వినాయక చవితికి, వర్ధంతి సభకు వస్తాయి కదా, అవి నిజంగా బాగుంటాయా? రాత్రంతా కూచుని చూడదగ్గవేనా? ఇదీ ప్రశ్న. మేము సంగీత పండితులం కాదు. పత్రికల్లో రాసుకుంటూ బతికేవాళ్లం. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల ముందు దుమ్ములో కూచున్నవాళ్లం, వేదికల వెనక మైకు సెట్లు మోసినవాళ్లం. విన్నవాళ్లుగానే మాట్లాడతాం.

జవాబు ముందే చెప్పేస్తాం. కొన్ని చాలా బాగుంటాయి. ఎక్కువ భాగం బాగుండవు. బాగుండకపోవడానికి కారణం గొంతు కలవకపోవడం కాదు. గొంతు కలపడం ఒక్కటే పని అనుకోవడం.

అచ్చం ఘంటసాలే!

మీ ఊరి నుంచే మొదలుపెడదాం. 1922 అక్టోబర్ 15న రామరాజు దళం ఈ అడ్డతీగల పోలీసు ఠాణా మీదికి వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 4న ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నారు, 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు పోయారు. తర్వాత సినిమా పాటగా ఇంటింటికీ చేరారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ అదే ఏడాది మే 1న విడుదలైంది. అందులో శ్రీశ్రీ రాసిన ‘తెలుగు వీర లేవరా’ జనం చెవిన పడేనాటికి పాడిన ఘంటసాల లేరు. ఉత్తమ గీత రచనకు జాతీయ అవార్డు తెచ్చిన పాట అది. బాణీ ఆదినారాయణరావుది. ఆ పాటలో ఘంటసాల పక్కన ఇంకో గొంతు ఉంది. అది వి. రామకృష్ణది.

ఆ రెండో గొంతు గురించి ఒక్కమాట చెప్పుకోవాలి. ఘంటసాల పోయాక ఆ లోటు పూడ్చే గొంతు అని రామకృష్ణను అన్నారు. పొగడ్తగానే అన్నారు. కానీ ఆ పొగడ్తే ఆయనకు బరువైంది. ఆయన ఏం పాడినా పక్కన ఘంటసాలను నిలబెట్టి తూచారు. ఆయన కన్నా కొద్దికాలం ముందే, ఘంటసాల ఏలుబడిలోనే, 1967లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో వచ్చిన బాలసుబ్రహ్మణ్యం ఆ తూకంలోకి దిగలేదు. ఘంటసాలను నెత్తిన పెట్టుకున్నారు, ఘంటసాల లాగా మాత్రం పాడలేదు. తెర మీద అక్కినేని ఉంటే అక్కినేనికి తగ్గట్టు, అల్లు రామలింగయ్య ఉంటే ఆయనకు తగ్గట్టు గొంతు మార్చారు. భక్తి ఉండాలంటే నకలు కానక్కర్లేదని ఆయన బతుకే చెబుతుంది.

ఇక ఇవాళ్టి ఆర్కెస్ట్రా చూడండి. బ్యానర్ మీద ‘జూనియర్’ అని ఒక పెద్దపేరు. గాయకుడు కష్టపడతాడు, కాదనం. ఏ మాట దగ్గర ముక్కు తగిలించాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో అన్నీ నేర్చుకుని ఉంటాడు. మొదటి పాటకు జనం ‘అచ్చం ఆయనే’ అంటారు. నాలుగో పాటకు చప్పట్లు పలచబడతాయి. ఎందుకు? అచ్చం ఆయనే కావాలంటే ఫోన్‌లో ఆయనే ఉన్నాడు కదా! మనిషి ఇంత దూరం నడిచివచ్చింది ఫోన్‌లో దొరకనిదాని కోసం.

ఆ దొరకనిది ఏమిటి? ఎదురుగా వాయించే చెయ్యి. వెనకటి ఆర్కెస్ట్రాలో హార్మోనియం, తబలా, ఢోలక్, క్లారినెట్ ఉండేవి. తర్వాత కీబోర్డు, రిథమ్ ప్యాడ్ వచ్చి నలుగురి పని ఇద్దరికి తగ్గించాయి. ఇప్పుడు చాలాచోట్ల ఆ ఇద్దరూ లేరు. పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ ఉంది, దాని మీద పాడుతున్నారు. ట్రాక్ మీద పాడేవాడు జనం వన్స్‌మోర్ అన్నా చరణం సాగదీయలేడు. ముందువరసలో ముసలమ్మ లేచి అడుగు వేసినా దరువు పెంచలేడు. కరెంటు పోతే పాట పోయినట్టే. పాత పద్యనాటకంలో పద్యం బాగుందంటే నటుడు మళ్లీ ఎత్తుకుని, ఆ రెండోసారి ఇంకో సంగతి వేసేవాడు. జనానికీ నటుడికీ మధ్య అలా బేరం నడిచేది. ఆ బేరం లేని బృందాన్ని చూసినా ఒకటే, క్యాసెట్ విన్నా ఒకటే.

నేర్చుకునేటప్పుడు అనుకరించడం తప్పు కాదని కూడా చెప్పాలి. బుర్రకథలో షేక్ నాజర్ పాడిన తీరును చూసి నేర్చుకోని దళం అరుదు. ఆ నాజరే 1954లో ‘అగ్గిరాముడు’ సినిమాలో మీ మన్యం వీరుడి కథ చెప్పారు. కథకుడు, హాస్యం చెప్పే వంత, రాజకీయం చెప్పే వంత అన్న చట్రం ఉంది గనక నకలు కొట్టేవాడు కూడా ఆ ఊళ్లో ఆ రోజు జరిగింది కథలోకి తేవాల్సిందే. రాజకీయం చెప్పే వంత నోరు తెరిస్తే కరువు, అప్పు, రోడ్డు అన్నీ రావాల్సిందే. నాజర్‌ను దించినవాడు కూడా అక్కడ సొంత మాట మాట్లాడక తప్పదు.

గొంగడి కప్పుకుంటే గద్దర్ అవుతారా?

ఇప్పుడు మా వైపు ముచ్చట. 2023 ఆగస్టు 6న గద్దరన్న పోయాడు. ఆ తర్వాత గోచీ, గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్ర వేసుకున్న మనిషి లేని సభ అరుదైపోయింది. కొందరు బాగా పాడతారు. ఇంకొందరికి గొంగడి జారకుండా చూసుకోవడంతోనే సరిపోతుంది. గద్దర్ అడుగు వేసేది పాటలో మాట బరువును బట్టి. వీళ్లు అడుగు ముందు వేసి మాటను దాని వెనక ఈడుస్తారు.

ఒక సంగతి గుర్తు చేస్తాం. గద్దర్ పేరు చెబితే చాలామందికి మొదట గుర్తొచ్చే ‘బండెనక బండి’ గద్దర్ కట్టిన పాట కాదు. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. 1980లో వచ్చిన ‘మా భూమి’ సినిమాలో గద్దర్ తానే తెర మీదికి వచ్చి పాడాడు. అంటే గద్దర్ కూడా తనకన్నా ముందటి పోరాట కవి పాట ఎత్తుకున్నవాడే. యాదగిరిలా కనబడాలని ఆయన చూడలేదు. ముప్పై ఏళ్ల కిందటి పాటను తన కాలం మనుషులకు పనికొచ్చేటట్టు పాడాడు. నివాళి బృందం బాగుండటం అంటే మా దృష్టిలో ఇదే.

బెల్లి లలితను 1999లో ముక్కలు చేసి చంపారు. ఆమె గొంతు ఆగిపోవాలని చేసిన పని అది. ఆమె పాటను ఎందరో ఆడబిడ్డలు ఎత్తుకున్నారు. జూనియర్ లలిత అనే బోర్డు మాత్రం మేము ఎక్కడా చూడలేదు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాంలోనూ అంతే. పాట ఒకరిది, పాడేది ఇంకొకరు. మధ్యలో ఆ ఊరి చెరువు పేరు, ఆ ఊళ్లో వలసపోయిన కుటుంబాల గోస వచ్చి చేరేది. వాన పడితే పాట ఇంకో అరగంట సాగేది.

2014లో రాష్ట్రం వచ్చింది. అదే ఏడాది తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి సుమారు 550 మంది కళాకారులకు కొలువులు ఇచ్చారు. పాట పాడి పస్తులున్నవాళ్లకు నెలజీతం రావడాన్ని మేము తక్కువ చేయం. అయితే ఆ బాణీల్లోనే సర్కారు పథకాల పేర్లు వినబడ్డాయి. దరువు అదే, గజ్జె అదే, గొంగడి అదే. పాటలో ప్రశ్న లేదు. విన్నవాళ్లకు ఏదో తక్కువైందని తెలిసింది, ఏం తక్కువైందో చెప్పడానికి మాత్రం కొంతకాలం పట్టింది.

వేదిక మీద లేని పేర్లు

మళ్లీ మన్యానికి వద్దాం. వేదిక మీద రామరాజు పాట పాడతారు. మంచిదే. కానీ ఆ పాట అయ్యాక మైకు పట్టుకున్నవాడు గాం గంటం దొర పేరు చెబుతాడా? గాం మల్లు దొర పేరు చెబుతాడా? జైలు శిక్ష అనుభవించి వచ్చిన మల్లు దొర 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడని మీ పిల్లలకు ఆ వేదిక చెప్పిందా? సినిమా పాటలో లేనిది వేదిక మీద కలపవచ్చు. అది కలపకపోతే బృందం మంచి బృందం కాదు, ఎంత తీయగా పాడినా సరే.

ఇంకో నకలు కూడా ఉంది. అది మీ మీదే జరుగుతున్న నకలు. కోయల కొమ్ము ఆట మంత్రిగారి కారు ముందు స్వాగతం పలకడానికి వస్తోంది. అరకులో థింసా పర్యాటకుల కెమెరా కోసం నడుస్తోంది. మైదానం కాలేజీల వార్షికోత్సవాల్లో ఈకలు గుచ్చుకుని, మొహానికి రంగు పూసుకుని ‘గిరిజన నృత్యం’ అంటారు. పండుగలో ఆ ఆటకు ఒక పని ఉంటుంది. కొత్త పంటో, కొత్త కాయో ఇంటికి వచ్చే ముందు ఊరంతా కలిసి వేసే అడుగు అది. ఆ పని తీసేసి అడుగు మాత్రం తెస్తే మిగిలేది డ్రెస్సు. రేల చెట్టు పూత ఎప్పుడో తెలియనివాళ్లు కూడా రేలా అని పాడుతున్నారు. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు తెలంగాణలో ఉండకుండా ఇటు కలిశాయి. పటం మీద గీత మారింది. రేలా పాట గీతకు రెండు వైపులా ఒకటే. దాన్ని ఎలా పాడాలో నకలు బృందాలు మీకు చెప్పకూడదు, మీరే వాళ్లకు చెప్పాలి.

పాట ఎవరిది, పైసలు ఎవరికి?

ఉద్యోగ మిత్రులు అడిగే ప్రశ్న ఇది. 2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా లాయరు నోటీసు అందింది. అనుమతి లేకుండా తన పాటలు వేదికల మీద పాడొద్దని. అప్పట్లో చాలామంది బాధపడ్డారు. పాడినవాడే పాడకూడదా అన్నారు. కానీ ఆలోచించండి. ఒక పాటలో పాడినవాడే కాదు, రాసినవాడు, బాణీ కట్టినవాడు ఉన్నారు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో తెచ్చిన సవరణ రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీ వాటాను గట్టిపరిచింది. టికెట్ లేకుండా ఔత్సాహిక బృందం పాడుకుంటే చట్టం అడ్డుపడదు, కాబట్టి విద్యార్థులు భయపడక్కర్లేదు. లక్షలు వసూలుచేసే విభావరి సంగతి వేరు. ఇక ఫలానావాడు రాశాడని చెప్పలేని కోయ పాటకు ఆ చట్టంలో చోటే లేదు. దాన్ని ఎవరైనా తీసుకుపోయి రికార్డు చేసుకోవచ్చు. ఊరికి ఒక్క రూపాయి రాదు.

బయటి ప్రపంచంలోనూ ఈ రంధి ఉంది. 1988లో ఆస్ట్రేలియాలో మొదలైన ఒక బృందం ఇంగ్లండ్‌కు చెందిన పింక్ ఫ్లాయిడ్ పాటలనే వాయిస్తూ దేశాలు తిరిగింది. 1996లో అసలు బృందంలోని గిల్మర్ తన యాభయ్యవ పుట్టినరోజుకు వాళ్లనే పిలిపించుకున్నాడు. వాళ్లు మొహాలు దించలేదు, వాయిద్యం దించారు. చేతులతో వాయించారు. 2022 మే నెలలో లండన్‌లో అబ్బా బృందం తమ కుర్రతనపు బొమ్మలను కంప్యూటర్‌తో తయారుచేసి వేదిక ఎక్కించింది. అక్కడ కూడా బొమ్మల పక్కన పదిమంది మనుషులు వాయించాల్సి వచ్చింది.

మన దగ్గర ఇంకో అడుగు పడింది. 2023లో వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో బాలు గొంతును యంత్రంతో పుట్టించి వాడారని, తమను అడగలేదని ఆయన కుమారుడు నోటీసు పంపారు. 2024లో ‘లాల్ సలామ్’కు రెహమాన్ ఇద్దరు గతించిన గాయకుల గొంతులు అలాగే వాడి, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు ఇచ్చామని చెప్పారు. గొంతు కలపడమే గొప్ప అయితే ఆ పని ఇక యంత్రం చేస్తుంది, మనిషికన్నా బాగా చేస్తుంది. ‘జూనియర్’ బోర్డు మీద బతికే గాయకుడి కూటికి ఎసరు అక్కడే ఉంది. ఆ తమ్ముళ్ల మీద మాకు కోపం లేదు. వాళ్లు నిలబడాలంటే యంత్రం చేయలేనిది చేయాలనే మా బాధ.

ఏం చేద్దాం?

మీ జాతర కమిటీలో, మీ కాలేజీలో, మీ ఉద్యోగ సంఘంలో ఈసారి బృందాన్ని పిలిచేటప్పుడు మూడు మాటలు అడగండి. ఒకటి, చేతులతో వాయించేవాళ్లు ఎందరు? ట్రాక్ అయితే ఆ మేరకు డబ్బు తగ్గించండి, వాయించేవాళ్లుంటే పెంచండి. రెండు, పాటకు ముందు రాసిందెవరో, బాణీ ఎవరిదో చెబుతారా? 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో బాలు చేసిన అసలు మేలు ఇదే. పిల్లలు పాత పాట పాడితే దాని వెనక ఉన్న కవిని, సంగీత దర్శకుడిని, ఆ పాట పుట్టిన సందర్భాన్ని చెప్పేవారు, ఉచ్చారణ తప్పితే దిద్దేవారు. మూడు, మా ఊరి డోలుకు, మా ఊరి అమ్మాయి గొంతుకు అదే వేదిక మీద అరగంట ఇస్తారా? రాత్రి రెండింటికి కాదు, జనం నిండుగా ఉన్నప్పుడు.

ఈ మూడింటికీ అవునన్న బృందం వస్తే రాత్రంతా కూచోండి, మేమూ వచ్చి కూచుంటాం. వాళ్ల గొంతు ఘంటసాలతో కలవకపోయినా ఫరవాలేదు. విద్యార్థి మిత్రులకు ఇంకో పని ఉంది. మీ అవ్వల దగ్గర ఉన్న పాటలు ఈ ఎండాకాలం సెలవుల్లో రాసిపెట్టండి. పాడినవాళ్ల పేరు, ఊరు, ఏ పండుగకు పాడతారో పక్కనే రాయండి. రేపు ఎవరైనా వచ్చి అది మా పాట అంటే మీ చేతిలో కాయితం ఉండాలి.