ఎవరికి చేయుచున్నామో వారినే అడుగుదము
(శతవార్షికోత్సవముల సందర్భమున సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి సభ్యులు, యౌవనస్థులు కూడిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము "మన సేవా కార్యక్రమములు, రాబోవు నూరేండ్లు" అని. నూరేండ్ల సంగతి చెప్పుటకు నేను ప్రవక్తను కాను. రాబోవు ఆరు నెలల సంగతి మాత్రము మాట్లాడగలను. శతవార్షికోత్సవ జ్ఞాపకార్థముగా ఏదో ఒకటి కట్టవలెనని అందరికీ ఉన్నది. ఆసుపత్రి అనువారు కొందరు, వృద్ధాశ్రమము అనువారు కొందరు. కల్యాణ మండపము కట్టినచో అద్దె వచ్చునని లెక్క వేసి చూపినవారును ఉన్నారు. శిలాఫలకము మీద ఎవరి పేరు ఎన్నవ వరుసలో ఉండవలెనో కూడ కొంత చర్చ జరిగినదని విన్నాను. ఇన్ని చర్చలలో నాకు వినబడని ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ గుమ్మము లోనికి రావలసినవారిని ఎవరైనా వెళ్లి అడిగినారా?

ఇది క్రొత్త ప్రశ్న కాదు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము మీరందరు చదివినదే. దినదిన పరిచర్యలో తమ విధవరాండ్రకు సరిగా అందుటలేదని గ్రీకు భాష మాట్లాడువారు సణిగినారు. అప్పుడు పన్నెండుగురు అపొస్తలులు తామే కూర్చుండి ఒక పథకము వేసి ప్రకటించలేదు. సంఘమునంతటిని పిలిచి, మీరే ఏడుగురిని ఎన్నుకొనుడన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఏ పక్షము నుండి వచ్చినదో ఆ పక్షము వారి చేతికే వడ్డన అప్పగించినట్లు కనబడుచున్నది. మనమైతే ఏమి చేయుదుము? ఒక విచారణ సంఘమును వేసి, ఫిర్యాదు చేసినవారిలో ఒకరిని "ప్రత్యేక ఆహ్వానితులు"గా పిలుతుము.

నేను ముఖ్యముగా చెప్పదలచినది జామ్‌ఖేడ్ సంగతి. అది మహారాష్ట్రలో అహమద్‌నగర్ జిల్లాలో, అనగా ఇప్పటి అహిల్యానగర్ జిల్లాలో, వానలు సరిగా పడని మెట్ట ప్రాంతము. రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే అను దంపతులు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన వైద్యులు. మొదట వారు ఆ జిల్లాలోనే వడాల మిషను ఆసుపత్రిలో పనిచేసినారు. అక్కడ ఒక సంగతి వారిని కలవరపెట్టినది. విరేచనములతో వచ్చిన బిడ్డకు నయము చేసి పంపుచున్నారు. కొన్నాళ్లకు ఆ బిడ్డే మరల అదే జబ్బుతో వచ్చుచున్నది. బిడ్డ ఆసుపత్రి నుండి తిరిగి వెళ్లుచున్నది అదే మురికి నీటి యొద్దకు. అమెరికాలో ప్రజారోగ్యము చదివి వచ్చి, 1970లో వారు జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టినారు. ఊరివారు చూపిన ఒక పాత పశువైద్యశాలే వారి మొదటి దవాఖానా.

వైద్యులు గనుక వారు వైద్యము గురించి ఆలోచించుకొని వచ్చినారు. ఊరివారిని అడుగగా వారు చెప్పినది వేరు. కరవు దినములవి. మాకు ముందు నీళ్లు కావలెను, పిల్లలకు తిండి కావలెను అన్నారు. సరే, నీళ్లతోనే మొదలుపెట్టినారు. బోరులు వేయునప్పుడు వీలున్నంత వరకు పంపులను దళితవాడలలో వేయించినారు. నీళ్లు కావలసినవారు ఎవరైనను అక్కడికే రావలెను. ఈ ఒక్క పని గురించి ఒక పూట ప్రసంగము చేయవచ్చును. మన పల్లెలలో పంపు ఎక్కడ వేసినారో, ఎవరి యింటి ముందు వేసినారో మీలో చాలమందికి తెలియును గనుక దానిని అంతటితో విడిచిపెట్టుచున్నాను.

తరువాతి సంగతి ఇంకను ముఖ్యము. పల్లెలకు శిక్షణ పొందిన నర్సులను పంపవలెనని వైద్యులు మొదట పథకము వేసినారు. కాగితము మీద అది చక్కని పథకము. కాని పట్నపు నర్సమ్మ ఒంటరిగా పల్లెలో కాపురముండుట కష్టమైనది. పల్లె స్త్రీలు ఆమెతో మనసు విప్పి మాట్లాడలేదు. మా ఊరి ఆడకూతురికే నేర్పరాదా అను ఆలోచన అప్పుడు ఊరివారి నుండే వచ్చినది. ఊరే ఎన్నుకొని పంపినది. అట్లు వచ్చినవారిలో చాలమందికి అక్షరము రాదు. ఎందరో దళిత స్త్రీలు, భర్త విడిచినవారు, ఎన్నడు నలుగురిలో నోరు తెరువనివారు. వారము వారము జామ్‌ఖేడ్‌కు వచ్చి, కలిసి తిని, కలిసి నిద్రించి, కాన్పు చేయుట, బిడ్డను తూచుట, విరేచనములకు ఉప్పు పంచదార నీళ్లు కలుపుట, కుష్ఠు మచ్చను, క్షయ దగ్గును గుర్తుపట్టుట నేర్చుకొనినారు. రైతులకు, స్త్రీలకు వేరువేరు సంఘములు ఏర్పడినవి.

ఫలితము చూడుడి. 1971లో ఆ పల్లెలలో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 176 మంది ఏడాది నిండకముందే చనిపోవుచుండిరి. 1990ల నడుమకు ఆ సంఖ్య పాతికకు అటు ఇటుగా దిగినది. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన ఒక గ్రంథములో ఈ పనిని గురించి ఒక అధ్యాయము చేర్చినారు. 1978లో ఆల్మా అటాలో కూడిన అంతర్జాతీయ సభ, తమ ఆరోగ్య సేవలను యోచించుటలోను నడుపుటలోను పాల్గొనుట ప్రజలకు హక్కనియు బాధ్యతయనియు ప్రకటించినది. 1979లో ఆ దంపతులకు మెగసెసే పురస్కారము వచ్చినది. మేబెల్ గారు 1999లోను, రజనీకాంత్ గారు 2011లోను గతించినారు. 2005 నుండి మన ఊళ్లలో తిరుగుచున్న ఆశా కార్యకర్తల ఏర్పాటు వెనుక ఉన్న ప్రయోగములలో జామ్‌ఖేడ్ ఒకటి. ఆశాను ఊరే ఎన్నుకొనవలెనని అందులోను నియమమున్నది. ఆ నియమము మన ఊళ్లలో ఎంతవరకు నడచినదో మీరే చెప్పవలెను.

"అది పెద్ద డాక్టర్ల సంగతి, మనకెట్లు కుదురును అయ్యగారూ" అని ఎవరైనా అనవచ్చును. నేను పనిచేసిన ఒక పాస్టరేటు సంగతి చెప్పెదను. పేరు అవసరము లేదు. నేను అక్కడికి బదిలీ అయి వెళ్లునప్పటికే, ఎవరో దాతలు ఇచ్చిన ధనముతో పన్నెండు కుట్టు మిషన్లు వచ్చి ఉన్నవి. గది ఉన్నది, బోర్డు ఉన్నది, ప్రారంభోత్సవపు ఫొటో గోడకు ఉన్నది. పదకొండు మిషన్లకు గుడ్డ కప్పి ఉన్నది. ఆడవారికి శ్రద్ధ లేదని పెద్దలు చెప్పినారు. ఒక సాయంత్రము పల్లెలో ప్రార్థన ముగిసిన తరువాత ఒక తల్లిని అడిగితిని. ఆమె ఇట్లనినది: "మిషను బాగానే ఉందయ్యగారూ. చంటోణ్ణి చెట్టు కింద పడుకోబెట్టి మిరపకాయ కోతకు పోతన్నా. పది గంటలకు మీ మిషను కాడికి ఎట్టా వచ్చేది?"

తరగతి వేళలు ఉదయము పది నుండి సాయంత్రము నాలుగు వరకు. కోత కూలి వేళలును అవే. ఈ సంగతి ఆ ఊరిలో ప్రతి ఆడపిల్లకు తెలియును, వేళలు నిర్ణయించినవారికి తప్ప. నాలుగైదు సార్లు వారితో కూర్చున్నాము. కోతల కాలములో ఆ గది పసిపిల్లలకు ఇచ్చినాము. చూచుకొనుటకు ఇద్దరు ముసలమ్మలను స్త్రీలే ఎన్నుకొనినారు. నేనైతే ఆ ఇద్దరిలో ఒకామెను ఎన్నుకొనియుండను, ఆమె నోరు అటువంటిది. కాని పిల్లలు ఆమె యొద్దనే నిద్రపోయెడివారు. మిషన్లలో కొన్ని ఇండ్లలో పెట్టుకొని రాత్రిపూట కుట్టుటకు ఇచ్చినాము. రెండు పాడైనవి. ఆ సంగతియు చెప్పవలెను.

అడుగుట అంటే మహాజన సభ పెట్టుట అని కొందరు అనుకొనుచున్నారు. మన సభలు ఎట్లుండునో మనకు తెలియును. కుర్చీలలో ఉద్యోగస్థులు, చాపల మీద కూలివారు, గుమ్మము యొద్ద స్త్రీలు. పాస్టరుగారు "ఏమంటారు?" అనగానే "మీ ఇష్టమండీ అయ్యగారూ" అను జవాబు సిద్ధము. అది సమ్మతి కాదు, మర్యాద. పనిలోనుండి వచ్చి అన్నము తినిన తరువాత, వారి అరుగు మీద, వారి మాటలో అడుగవలెను. స్త్రీలను స్త్రీలే వేరుగా అడుగుట మంచిది. "మీకు ఏమి కావలెను?" అని అడిగితే ఆసుపత్రి అనియే చెప్పుదురు, ఎందుకనగా మనము ఇయ్యగలిగినది అదియేనని వారనుకొందురు. "పోయినసారి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకొని వెళ్లినారు? ఎంత ఖర్చైనది? ఎవరి యొద్ద అప్పు తెచ్చినారు?" అని అడుగుడి. అప్పుడు అసలు సంగతి బయటపడును. ఒకవేళ వైద్యుడు దగ్గరనే ఉండి, రాత్రివేళ బండి దొరకకపోవుటయే వారి కష్టము కావచ్చును. అప్పుడు మనము కట్టవలసినది భవనము కాదు.

విన్నదానిని వ్రాసికొని పోయి మరల కనబడకపోవుట అన్నిటికంటె చెడ్డది. ఏమి వింటిమో తిరిగి వెళ్లి చెప్పవలెను. ఏది చేయగలమో, ఏది చేయలేమో, ఎంత సొమ్మున్నదో చెప్పవలెను. సొమ్ము సంగతి దాచి సలహా అడుగుట పెండ్లికి పిలిచి భోజనము గది తాళము వేసినట్లు.

ఇందులో చిక్కులు లేకపోలేదు. అడిగినవన్ని మంచివే అయియుండవు. పల్లెవారికి మందు బిళ్ల కంటె సూది మీద నమ్మకమెక్కువ. సూది అడిగినారని ఊరికే సూది వేయుట సేవ కాదు. జామ్‌ఖేడ్ వైద్యులు తమ చదువును గుమ్మము బయట విడిచి వెళ్లలేదు. ఊరి జ్ఞానముతో దానిని కలిపినారు. ఇక కాలవ్యయము సంగతి. ఆలస్యమగునని మన కోశాధికారిగారు చెప్పుచున్నారు, అది నిజమే. మూడవ చిక్కు మాత్రము ఎవరూ పైకి అనుటలేదు. వారిని అడిగితే వారు లెక్కలు కూడ అడుగుదురు. అందుకే అడుగవలెనని నేననుచున్నాను.

మన డయాసిస్‌లోని మిషను ఆసుపత్రులను గురించి పెద్దలు ఇంతకుముందు బాధతో మాట్లాడినారు. ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద రోగులు బారులు తీరిన ప్రాంగణములలో నేడు గడ్డి పెరిగినచోట్లు ఉన్నవి. డాక్టర్ల కొరత, సొమ్ము కొరత, పట్నపు ఆసుపత్రుల పోటీ, అన్నియు కారణములే. కాని ఆ ఆసుపత్రి పల్లెవారిదై యుండినచో, మూసివేయు దినమున తాళము పట్టుకొని అడ్డుపడువారు కొందరైనను ఉండెడివారు.

కాబట్టి నా మనవి ఒక్కటే. శంకుస్థాపన ఆరు నెలలు ఆపుడి. ప్రతి పాస్టరేటు నుండి నలుగురిని, వారిలో ఇద్దరు స్త్రీలను, అందులో ఒకరు కూలికి వెళ్లువారిని ఏర్పరచుడి. వారికి ఆ దినములకు కూలి నష్టము కట్టియ్యవలెను, లేనిచో ఉద్యోగస్థులే వచ్చుదురు. వారు ఇండ్లకు వెళ్లి, విని, వచ్చి కమిటీ ముందు తామే చెప్పవలెను, మనము వారి పక్షముగా చదువుట కాదు. ఈ మనవిని వ్రాతమూలముగా కార్యదర్శిగారికి ఈ ఉదయమే ఇచ్చియున్నాను. మా పాస్టరేటు నుండి వచ్చు నలుగురి పేర్లు స్త్రీల మైత్రి వారే ఆదివారము ఆరాధన తరువాత చెప్పెదరు.