అరచేతి ఫోను – బల్లమీఁది కంప్యూటరు



ఈ విజయవాడ నగరమున సంఘబంధువు లెల్లరును గూడిన యీ శుభసమయమున, మన యువజనులను గూర్చి నాలుగు మాటలు విన్నవింప నవకాశ మొసంగిన యాహ్వానసంఘమువారికి కృతజ్ఞులము.

స్మార్టు ఫోను లేని యిల్లు నేఁ డరుదు. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. 2020 సంవత్సరమున కోవిడు వలన బడులు మూతపడినప్పుడు పాఠములను బిడ్డలయొద్దకు చేర్చినది ఆ ఫోనే. కాని ఫోను నెఱిఁగినవాఁడు కంప్యూటరును నెఱిఁగినట్లే యని తలంచుట పొరపాటు.

ఫోను విశేషముగా చూచుటకును, వినుటకును, పలుకరించుటకును అనుకూలమైనది. బొటనవ్రేలు జరిపినకొలఁది చిన్నతెరపై నొకదానివెంట నొకటి వచ్చుచునే యుండును. కంప్యూటరునందును కాలము వ్యర్థపుచ్చవచ్చును. అయినను రెండు పత్రములను ప్రక్కప్రక్కల నుంచి సరిచూచుట, పది వ్రేళ్లతో దీర్ఘవ్యాసము వ్రాయుట, లెక్కల పట్టికలు కట్టుట, ప్రోగ్రాములు రచించుట దానియందే సుకరము. మన డెల్టా రైతుల మాటలో చెప్పవలెనన్న, ఫోను కాలువనీరు, కంప్యూటరు నాగలి. 1855లో కృష్ణపై నానకట్ట పూర్తియై నీరు వచ్చినది. పంట మాత్రము దున్నినవానికే పండినది.

2023లో ‘అసర్’ సర్వేవారు దేశమున 28 జిల్లాల గ్రామములలో 14 మొదలు 18 ఏండ్ల ప్రాయమువారిని విచారించిరి. నూటికి సుమారు 90 మంది యిండ్లలో స్మార్టు ఫోను గలదు. కంప్యూటరు 9 మంది యిండ్లలోనే కలదు.

దీని ఫలము పరీక్షామందిరమున తెలియును. జేఈఈ మెయిన్ ఇంజనీరింగు పరీక్ష 2019 నుండి కంప్యూటరుమీఁదనే జరుగుచున్నది. మన రాష్ట్రపు ఈఏపీసెట్టును నట్టిదే. ఫోనునందు మిక్కిలి నేర్పరియైన ఉయ్యూరు ప్రాంతపు బాలుఁ డొకఁడు, అభ్యాసపరీక్షలో మౌసు నడపుట చేతఁగాక తొలి యరగంట పోఁగొట్టుకొనుట మే మెఱుఁగుదుము. వానికి తెలివి కొఱఁత కాదు. చేతికి అలవాటు కొఱఁత.

కావున దాతలకు మా మనవి. బహుమానములుగా ఫోనులు పంచుటకంటె, మన విద్యార్థి వసతిగృహమున పది కంప్యూటరులతో నొక గది నేర్పఱచి, సాయంకాలములందు బోధింప నొక యుపాధ్యాయుని నియమింపుఁడు. అందు బాలికలకు ప్రత్యేకముగా వేళ కేటాయింపుఁడు. ఫోను కొడుకున కిచ్చి, కూఁతురు వానినడిగి పుచ్చుకొనవలె నను నాచారము మన యిండ్లలో నింకను పోలేదు. తలిదండ్రులారా! ‘ఎంతసేపు చూచితివి?’ అని గద్దించుటతో నూరకుండక, ‘ఏమి చేసితివి?’ అనియు నడుగుఁడు.

సంఘము పూనినచో నిది యసాధ్యము కాదు. రాఁబోవు మహాసభనాఁటికి ఆ గది తలుపులు తెఱచి యుండునని యాశించుచు విరమించుచున్నాము.