పరుగులో గెలిచాం, కాగితం దగ్గర ఆగిపోయాం

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజున, పది, ఇంటర్ పూర్తి చేసిన పిల్లలతో మాట్లాడిన మాటలు)



ఇందాక నన్ను పిలుస్తూ "మాజీ సైనికుడు, దేశసేవ గురించి చెప్తారు" అన్నారు. దేశసేవ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను అది చెప్పడానికి రాలేదు. పదో తరగతి అయ్యాక నా జీవితం ఏ దారిన పోయింది, ఎక్కడ తప్పు చేశాను అన్నది చెప్తాను. తెల్లారి నాలుగింటికి లేచి ఘాట్ రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేస్తున్న పిల్లలు మీలో చాలామంది ఉన్నారని తెలుసు. ముఖ్యంగా మీ కోసమే వచ్చా.

మాది పాడేరు ఏజెన్సీలో చిన్న ఊరు. నలభై గడపలు కూడా ఉండవు. కొండదొరలం. అయ్య పోడు చేసేవాడు. చోళ్లు, సామలు, కొంచెం పసుపు, తర్వాత తర్వాత రాజ్‌మా. 2001లో ఆశ్రమ పాఠశాలలో పది పాసయ్యా. మా ఊళ్లో పది పాసయిన మూడోవాణ్ని నేను. ఇంటర్‌లో చేరా గానీ హాస్టల్లో సీటు దొరకలేదు. గది అద్దెకి తీసుకునే స్తోమత లేదు. ఆరు నెలలకే పుస్తకాలు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశా. రెండేళ్లు కాఫీ పళ్లు ఏరా, రోడ్డు పనికి పోయా. ఆ రెండేళ్లలో నన్ను "ఇప్పుడేం చేస్తావ్?" అని అడిగినవాళ్లు లేరు, దారి చెప్పినవాళ్లూ లేరు.

2003లో విశాఖలో ఆర్మీ ర్యాలీ ఉందని సంతలో విన్నాం. మా వైపు నుంచి ఆరుగురం బస్సెక్కాం. సముద్రం చూడ్డం అదే మొదటిసారి. ఆ రాత్రి గ్రౌండ్ బయట సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాం. తెల్లారి పరుగు. 1,600 మీటర్లు. పట్నం పిల్లలు కోచింగ్ తీసుకుని, మంచి బూట్లేసుకుని వచ్చారు. మేం ఉత్తి కాళ్లతో దిగాం. రోజూ నీళ్ల కోసం, బడి కోసం, సంత కోసం కొండెక్కి దిగేవాళ్లకి చదును నేల మీద పరుగు ఒక లెక్కా? ఆరుగురం దాటేశాం. తొమ్మిదడుగుల గుంత దూకాం. పుల్లప్స్ తీశాం. డాక్టర్ల పరీక్షా దాటాం.

తర్వాత రాత పరీక్ష. నలుగురు అక్కడ ఆగిపోయారు. ఇద్దరం మిగిలాం.

నాకన్నా బలమైనవాళ్లు, నాకన్నా ముందు గీత దాటినవాళ్లు ఆ నలుగురు. కాగితం దగ్గర ఆగిపోయారు. సైన్యం భర్తీలో ఎస్టీ రిజర్వేషన్ ఉండదు. అక్కడ మార్కులే మాట్లాడతాయి. ఆరోజు నేను ఆ సంగతి సరిగ్గా పట్టించుకోలేదు. నేను పాసయ్యానుగా, ఆ సంతోషంలో ఉన్నా. ఆ మాట నా ఇంటికే వచ్చి తగులుతుందని తెలీదు.

శిక్షణ నీలగిరుల్లో, వెల్లింగ్టన్‌లో. చలి, కొండలు, పొగమంచు చూసి మన లంబసింగిలో ఉన్నట్టే అనిపించేది. ఆదివారం బయటికి వదిలితే బజార్లో ఎర్రటి, నల్లటి అల్లికల శాలువాలు కప్పుకున్న తోడా ఆడవాళ్లు కనబడేవాళ్లు. ఆ కొండలు వాళ్లవి. ఇప్పుడు వాటి నిండా టీ తోటలు, బంగళాలు, హోటళ్లు. వాళ్లు మాత్రం బజార్లో ఒక పక్కగా నడిచి పోయేవాళ్లు. నాకు మన సంతలో మన ఆడవాళ్లు గుర్తొచ్చేవాళ్లు.

సైన్యం నాకు చాలా ఇచ్చింది. అబద్ధం చెప్పను. ఒకటో తారీఖుకి జీతం వచ్చేది. పూరింటికి రేకులేశాం. చెల్లి నర్సింగ్ చదివింది. హిందీ, తమిళం వచ్చాయి. రాజస్థాన్ వాడు, కేరళ వాడు, నేను ఒకే కంచంలో తిన్నాం. ఆల్బర్ట్ ఎక్కా గురించి అక్కడే విన్నా. గుమ్లా జిల్లా జారి ఊరి ఉరావ్ ఆదివాసీ. 1971 డిసెంబరు 3న గంగాసాగర్ పోరులో ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందినవాడు. బళ్లో ఆయన పేరు మాకెవరూ చెప్పలేదు.

ఇంకో విద్య కూడా నేర్పారు. మ్యాపు చదవడం. కాగితం మీద గీతలు చూసి వాగు ఎటు పోతుందో, కొండ ఎంత ఎత్తో, మనిషి ఎక్కడ దాక్కోగలడో చెప్పగలను. అందులో నాకు మంచి పేరుండేది. కానీ మా అయ్య దున్నే భూమి ఏ కాగితంలో ఎలా ఉందో నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు.

ఒక సంగతి చెప్పాలి. ఈశాన్యంలో ఉండగా ఒక రోజు తెల్లారుజామున ఊరు చుట్టుముట్టి ఇళ్లు వెతికాం. నేనొక వెదురింట్లోకి వెళ్లా. పొయ్యి మీద వెదురు కొమ్ములు ఉడుకుతున్నాయి. ఆ వాసన మా అమ్మ వంట వాసన. పొయ్యి పక్కన ఒక ముసలామె నిలబడి నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పోడు దగ్గరికి గార్డు వచ్చినప్పుడు మా అమ్మ అలాగే చూసేది. ఆ ఇంట్లో ఏమీ దొరకలేదు. నేను ఏమీ విరగ్గొట్టలేదు, ఎవర్నీ తిట్టలేదు. అయినా ఆమె కళ్లల్లో నేను ఎవర్నో నాకు అర్థమైంది. ఉద్యోగం మానెయ్యలేదు. మానేస్తే ఇంటి దగ్గర పొయ్యి వెలగదు. కానీ ఆ రోజు నుంచి యూనిఫాం వేసుకునేటప్పుడు ఆమె గుర్తొచ్చేది. సైన్యంలోకి వెళ్లే తమ్ముళ్లూ, మీకూ అలాంటి రోజు ఒకటి రావచ్చు. మీరెక్కణ్ణించి వచ్చారో ఆరోజు మర్చిపోకండి.

ఇప్పుడు నా తప్పు చెప్తా.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2007 డిసెంబరు 31 నుంచి అమల్లోకొచ్చింది. 2008లో మా ఊళ్లో క్లెయిములు రాయించుకున్నారు, సర్వే చేశారు. అయ్యకి చదువు రాదు. సంత రోజున మండల కేంద్రానికి నడిచెళ్లి ఫోన్ చేశాడు. "ఏదో కాయితం రాయించుకుంటున్నార్రా. వేలిముద్ర వెయ్యమంటన్నారు. ఏటి చెయ్యమంటావు?" అన్నాడు.

వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న కథలు చిన్నప్పట్నించి విన్నవాణ్ని. పెద్ద తెలివైనవాడిలాగ చెప్పా: "నేను సెలవుకి వచ్చేదాకా ఏ కాయితం మీదా వేలు పెట్టకు అయ్యా."

ఆయన నా మాట విన్నాడు. కొడుకు చదువుకున్నవాడు, మిలిటరీలో ఉన్నాడు, వాడికి తెలుస్తుంది అనుకున్నాడు. నాకు సెలవు దొరికి ఇంటికెళ్లేసరికి సర్వే అయిపోయింది. పక్కవాళ్లకి పట్టాలొచ్చాయి. మాకు రాలేదు. "టైము అయిపోయింది" అన్నారు. నేను నమ్మేశా. చట్టంలో ఆఖరి తేదీ అంటూ లేదని నాకు తెలీదు. ఉన్న ఒక్క తేదీ 2005 డిసెంబరు 13. ఆ రోజుకి ముందు నుంచి సాగులో ఉండాలి. మా అయ్య నేను పుట్టకముందు నుంచి ఉన్నాడు. ఈ రెండు ముక్కలు తెలిసుంటే ఆరోజే అడిగేవాణ్ని. ప్రతి సెలవుకీ ఇల్లు బాగు చేసుకుని, చుట్టాల్ని చూసుకుని, మళ్లీ బండెక్కేవాణ్ని. రెండేళ్లకి మా పోడులో కందకం తవ్వి మొక్కలు నాటారు. అయ్య ఆ మొక్కల మధ్యనే సామలు చల్లాడు.

2014లో అయ్యకి జబ్బు చేసింది. నేనప్పుడు మంచు కొండల మీద ఉన్నా. తోటి జవానుకి ఊపిరాడకపోతే హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్లింది. బతికాడు. అదే చలికాలంలో మా అయ్యని డోలీలో ఏడు కిలోమీటర్లు మోసుకెళ్లారు. దారిలోనే పోయాడు. పట్టా చూడకుండా పోయాడు. నా మాట వినడం వల్ల చూడకుండా పోయాడు.

2020లో, పదిహేడేళ్ల సర్వీసు పూర్తి చేసుకుని ఇంటికొచ్చా. నాకు ముప్పై అయిదేళ్లు. పెన్షన్ ఉంది. పట్నంలో దొరికే పని ఏమిటంటే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, ఏటీఎం దగ్గర కాపలా. ఎనిమిది నెలలు చేశా. ఒక రాత్రి గేటు దగ్గర కూర్చుని అనుకున్నా: ఊరివాళ్ల ఇళ్లన్నీ కాపలా కాశాను, అయ్య భూమి మాత్రం కాయలేదు. మర్నాడు మానేసి ఊరొచ్చేశా.

మొదట చట్టం తెలుగులో సంపాదించి చదివా. మ్యాపు చదివినట్టే, గీత గీతా చదివా. ఊరి పెద్దలు ఇద్దరు, ఆ భూమి మా అయ్య ఎప్పట్నించి చేస్తున్నాడో చెప్తే రాయించా. పెద్దల మాట కూడా సాక్ష్యమే అని నిబంధనల్లోనే ఉంది. పాత రాతి గట్టు, గుడిసె పునాది ఫొటోలు తీశా. గ్రామసభలో పెట్టాం. అటవీ హక్కుల కమిటీ వచ్చి చూసింది. పైకి పోయాక ఒకసారి తిరస్కరించారు. కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడిగాం. అరవై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, చేశాం. చివరికి అమ్మ పేరు మీద పట్టా వచ్చింది. సాగులో ఉన్నది మూడెకరాలు. కాగితంలో ఉన్నది ఎకరం ఎనభై సెంట్లు. మిగతాదానికి ఇంకా తిరుగుతున్నాం. అమ్మ ఆ పట్టాని అయ్య ఫొటో వెనకాల పెట్టింది.

తమ్ముళ్లూ, సైన్యంలోకి వెళ్లొద్దని నేను చెప్పను. వెళ్లేవాళ్లు లెక్క తెలుసుకుని వెళ్లండి. మా రోజుల్లో పదిహేనేళ్లు చేస్తే పెన్షన్. 2022లో అగ్నిపథ్ వచ్చాక నాలుగేళ్లే. మొదటి ఏడాది నెలకి 30 వేలు. అందులో 9 వేలు నిధిలోకి పోతాయి, చేతికి 21 వేలు. నాలుగేళ్లయ్యాక వందలో ఇరవై అయిదు మంది వరకే ఉంచుకుంటారు. మిగతావాళ్లకి సుమారు 11 లక్షల 71 వేలు ఇచ్చి పంపిస్తారు. పెన్షన్ లేదు. అంటే ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకి మళ్లీ సంతలో నిలబడి "ఇప్పుడేం చెయ్యాలి?" అనుకోవాలి. ఆ రోజు కోసం ఇప్పుడే చదువుకోండి. ఇంటర్ మధ్యలో వదలకండి. నేను వదిలా, దాని ఖరీదు చూశా. చెల్లెళ్లూ, 2019 నుంచి మిలిటరీ పోలీసులో ఆడపిల్లల్ని కూడా జవాన్లుగా తీసుకుంటున్నారు. మీకూ ఇదే మాట.

ఇంకొకటి. ఈ రాత్రి ఇంటికెళ్లాక అయ్యనో అమ్మనో అడగండి: మనం దున్నే భూమికి కాగితం ఉందా? ఎంత రాశారు? ఎవరి పేరున? పెళ్లయినవాళ్లకి పట్టా భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఉండాలని చట్టం చెప్తోంది, అమ్మ పేరు ఉందా చూడండి. లేకపోతే గ్రామసభకి తీసుకెళ్లండి. "టైము అయిపోయింది" అని ఎవరైనా అంటే, ఆ ముక్క రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ఊళ్లో చదవలేని పెద్దాయన ఫోన్ చేసి "ఏటి చెయ్యమంటావు?" అని అడిగితే, నాలాగ "ఆగు" అనకండి. "కాయితం ఫొటో తీయించి పంపు, చదివి చెప్తా" అనండి.

ఆ ర్యాలీలో ఆగిపోయిన నలుగురిలో ఒకడు ఇవాళ ఇక్కడే, ఆ చివర నిలబడున్నాడు. మా ఊరి అటవీ హక్కుల కమిటీలో ఇప్పుడు వాడే ముందుంటాడు. నిరుడు పదకొండు క్లెయిములు రాశాడు. ఆరోజు రాత పరీక్షలో తప్పినవాడు ఇవాళ ఊరందరికీ రాసిపెడుతున్నాడు. నా మెడల్స్ కన్నా వాడి సంచిలో ఉన్న ఆ ఫైలు ఊరికి ఎక్కువ పనికొచ్చింది.

పరుగెత్తండి తమ్ముళ్లూ. పరుగులో మనల్ని కొట్టేవాడు లేడు. గీత దాటాక అక్కడో కాగితం ఉంటుంది. దాన్ని చదివే దమ్ము కూడా తెచ్చుకోండి.

జోహార్.