పేరు పక్కన కులం చదివితే

తమ వర్గం మీదున్న ముద్ర గుర్తుకొస్తే పరీక్షలో వెనకబడతారని చూపుతూ 1995లో స్టీల్, ఆరన్సన్ స్టాన్‌ఫోర్డ్‌లో చేసిన ప్రయోగం గురించి ఈ సభకు నేను కొత్తగా చెప్పవలసింది లేదు. నేను పట్టుబట్టేది కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెలో చేసిన ప్రయోగం మీద. 6, 7 తరగతుల మగపిల్లలు, దళితులు 321 మంది, అగ్రకులాలవారు 321 మంది. దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చి, విప్పిన ఒక్కోదానికి రూపాయి చొప్పున ఇచ్చారు. కులం ఊసెత్తని గుంపుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆరుగురిని కూర్చోబెట్టి పేరు, ఊరు, తండ్రి పేరు, కులం పైకి చదివినచోట మాత్రం దళిత పిల్లలు వెనకబడ్డారు. పజిళ్లు అవే, మారింది ఆ చదవడమే. దీన్ని ఆత్మన్యూనత అని పేరుపెట్టి, వ్యక్తిత్వ వికాస తరగతులతో నయం చేయవచ్చని మనలో కొందరు పెద్దలు ఇంకా రాస్తున్నారు. అది లోపాన్ని పిల్లవాడి తలలోకి నెట్టడమే. నేను ఒప్పుకోను.

ఎందుకంటే అదే ప్రయోగంలో, ప్రతిఫలాన్ని తేల్చడంలో మనిషి చేయి లేని లాటరీని చేర్చగానే కులాల మధ్య అంతరం మాయమైంది. తన శక్తి మీద నమ్మకం పోయినవాడు లాటరీ ఉన్నా లేకపోయినా తడబడాలి కదా! పోయింది కొలిచేవాడి మీద నమ్మకం. ఆ అపనమ్మకం ఊహ కాదు. రెమా హన్నా, లీ లిండెన్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో జవాబు పత్రాలకు కులం వివరాలను యాదృచ్ఛికంగా జతచేసి మన దేశంలో టీచర్ల చేత దిద్దించారు. కింది కులం అని రాసివున్న పత్రాలకు మార్కులు తగ్గాయి. తేడా చిన్నదే, కానీ పిల్లవాడి అనుమానానికి ఆధారం ఉందని చెప్పడానికి అది చాలు.

నెదర్లాండ్స్‌లో రెండు వేలకు పైగా విద్యార్థులతో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో ఆడపిల్లల గణితం మీద ఈ ప్రభావమేదీ కనబడలేదని గుర్తుచేసేవారున్నారు. ఆ ఫలితాన్ని గౌరవిస్తాను. ప్రశ్నపత్రం పక్కన సూచన ఇవ్వడం ఒకటి, నలుగురిలో కులం చదవడం మరొకటి. ఒకదాని వైఫల్యం రెండోదాన్ని కొట్టెయ్యదు. మార్కుల అంతరమంతా ముద్ర వల్లనే అనడం తప్పని 2004లో శాకెట్ బృందం చెప్పింది. నిజమే. బడి లేమి, ట్యూషన్ స్తోమత, ఇంటి చదువు ఈ లెక్కలోంచి చెరిగిపోవు.

అయినా మన దగ్గర తేల్చగలిగిన ప్రశ్న ఒకటి పడివుంది: కులం బయటపడినచోట మార్కులు తగ్గుతాయా? పబ్లిక్ పరీక్షల జవాబు పత్రాలకు కోడ్ వేసి దిద్దిస్తున్నాం. ప్రాక్టికల్స్, వైవా, ఇంటర్నల్ మార్కులు మాత్రం మనిషిని చూసి పడతాయి. స్కాలర్‌షిప్ ఫారాల రోజున తరగతిలో పేర్లు, వర్గాలు పైకి పిలిచే కాలేజీలున్నాయి, పిలవనివీ ఉన్నాయి. ఒకే విద్యార్థి థియరీ, వైవా మార్కులను పక్కపక్కన పెట్టి, ఆ రెండు రకాల కాలేజీల్లోనూ కులాలవారీగా పోల్చే పనిని ఈ ఏడాది మీ పరిశోధక విద్యార్థుల్లో ఒక్కరికైనా అప్పగించండి. ఉత్తరప్రదేశ్ లెక్కలో ఆడపిల్లలు లేరు, ఇక్కడ వాళ్లను వదలొద్దు.