బడి గోడ నుండి 100 గజములు

పంచాయతీ సభ్యులారా,

విజయవాడ దారినో, సాగర్ దారినో బస్సెక్కి ఎల్.బి.నగర్ కూడలిలో దిగి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో చేరు మన గ్రామ విద్యార్థులు అనేకులు. అచ్చట మందలించు తల్లి ఉండదు. పాన్‌డబ్బా మాత్రము చేరువనే యుండును. కనుక "వద్దు" అనుట ఊరి బడిలోనే అలవడవలెను.

"పొగాకు హానికరము" అని పదిమార్లు వ్రాయించిన చాలదు. ఒకడు సుద్దముక్కను సిగరెట్టుగా చూపి బలవంతపెట్టవలెను, వేరొకడు నిరాకరింపవలెను. "ఒక్కసారికేమి?" అన్నచో మొదట బదులు తోచక నవ్వుదురు. రెండు మూడు పర్యాయములాడించినచో మాట వచ్చును. పిమ్మట తమ మూడు వ్రేళ్లను నిలువుగా నోట పెట్టి చూడుమనవలెను. గుట్కా నమలువారిలో కొందరికి దవడ బిగిసి అదియు సాధ్యము కాదు. ఇది పిల్లలు మరువరు. ఇంట చుట్ట కాల్చు తాతను మాత్రము నిందింపరాదు. మానుట ఎంత కష్టమో ఆయనచేతనే తరగతిలో చెప్పించుట మేలు.

తుదకు త్రాడు పట్టి బడి ప్రహరీ నుండి 100 గజములు, అనగా 300 అడుగులు, పిల్లలచేతనే కొలిపింపవలెను. ఆ మేరలో పొగాకు విక్రయమును, 18 ఏండ్లు నిండనివారికి ఎచ్చటనైనను అమ్ముటను 2003 నాటి చట్టము నిషేధించినది. అందలి దుకాణముల లెక్కను పిల్లలు మీ సమావేశమున చదువుదురు. ఆ దుకాణదారుడు ఒక సభ్యుని తమ్ముడే కావచ్చును. అయినను సరుకు తీసివేయవలసిన తేదీని ఆ పిల్లల యెదుటనే తీర్మానపు పుస్తకమున వ్రాయింపుడు.